మరువంలో బండి ఱ లేదు

మరువం అనే మాటకూ మరచిపోవడానికీ ఏ సంబంధమూ లేదు. ఈ ఒక్క ముక్క చెప్పీ చెప్పీ నా గొంతు ఎండిపోయింది. ఇంట్లో చెప్పాను, స్కూల్లో చెప్పాను, బస్సులో పక్క సీట్లో కూర్చున్నావిడకి చెప్పాను, చివరికి పూలకొట్టు ముందు నిలబడి కూడా చెప్పాను. విన్నవాళ్ళంతా బుద్ధిగా తలూపారు. తలూపి, "అయినా పేరులోనే ఉంది కదండీ" అన్నారు.

నేను తెలుగు టీచర్ని. చిలకలూరిపేట దగ్గర ఒక ఊరి హైస్కూల్లో పాఠాలు చెబుతాను. కాపురం పేటలోనే. మా ఆయన మార్టూరులో గ్రానైటు పలకలు పాలిష్ చేసే యూనిట్లో పని చూస్తాడు. పొద్దున్నే వెళ్ళి చీకటి పడ్డాక తల నిండా తెల్లటి దుమ్ముతో వస్తాడు. అమ్మ మా దగ్గరే ఉంటుంది. వయసులో ఉన్నప్పుడు అమ్మ చెయ్యని పని లేదు. పత్తి తీసింది, పొగాకు గుచ్చింది, మిరపకాయ కోసింది. మోకాళ్ళు వంగడం మానేశాక కోల్డ్ స్టోరేజీల దగ్గర నీడపట్టున కూర్చుని మిరపకాయల తొడిమలు తీసేది, రంగు పోయిన తాలుకాయలు ఏరేది. ఆ ఘాటులో కూర్చుని కూర్చుని ఇంటికొచ్చాక కూడా తుమ్ముతూ ఉండేది. ఆ డబ్బుతోనే నన్ను చదివించింది. నేను తెలుగు ఎమ్మే చేస్తానంటే, "తెలుగు మనకొచ్చుగా, మళ్ళీ నేర్చుకోవడం ఏంటే?" అని అడిగింది. అడిగి, ఫీజు కట్టింది.

మరపు ఎప్పుడు మొదలైందో సరిగ్గా చెప్పలేను. మొదట పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది. అది ఎవరికైనా జరిగేదే అనుకున్నాం. తర్వాత స్టవ్ మీద పాలు, తాళంచెవులు, పక్కింటావిడ పేరు. ఒక వానాకాలం సాయంత్రం గబగబా మెట్లెక్కి డాబా మీదికి పోయింది. వెనకే నేనూ పరిగెత్తాను. "మబ్బేసింది అమ్మాయ్, కాయలు తడుస్తయ్, పట్టా కప్పు" అని కేకలేస్తోంది. డాబా మీద కాయల్లేవు. మేము మిరప వేసి ఎన్నేళ్ళయిందో! ఖాళీ సిమెంటు మీద అటూ ఇటూ చూసి, కాయలు ఎవరో ఎత్తుకుపోయారని అక్కడే కూలబడి ఏడ్చింది. ఆ రోజు నాకు భయం పట్టుకుంది.

గుంటూరు తీసుకెళ్ళి చూపించాను. డాక్టరు మెత్తటి మనిషి. ఆ జబ్బు తగ్గేది కాదని, బిళ్ళలతో కొంత నెమ్మదిస్తుందని చెప్పాడు. దగ్గరి సంగతులు ముందు పోతాయట, పాతవి ఆఖరిదాకా నిలబడతాయట. నేను అడగాల్సింది అడగలేక కాసేపు బల్ల మీది పెన్నుల స్టాండు చూశాను. ఆ తర్వాత అడిగేశాను, నన్ను కూడా మరిచిపోతుందా అని. ఆయన బిళ్ళల చీటీ మడిచి నా చేతికిచ్చాడు. "ఇంట్లో ఒకళ్ళు ఎప్పుడూ దగ్గరుండాలమ్మా" అన్నాడు. తిరుగు బస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుని దారిలో కనిపించిన ప్రతి పత్తి చేనుకీ ఇది ఫలానావాళ్ళది అని పేరు పెట్టుకుంటూ వచ్చింది. ఒక్కటీ సరైనది కాదు.

ఎప్పుడూ దగ్గరుండే మనిషి ఎక్కడ దొరుకుతుంది? నేను స్కూలు మానలేను, మా ఆయన యూనిట్ మానలేడు. అప్పుడు పెద్దమ్మ వచ్చింది. అమ్మకి తోడబుట్టిన అక్క. పర్చూరు అవతల నల్లరేగడి పల్లెలో కొడుకు దగ్గర ఉండేది. విషయం తెలియగానే గోనెసంచిలో బట్టలు, చేతిలో ప్లాస్టిక్ బకెట్, ఆ బకెట్లో మట్టీ మొక్కా పెట్టుకుని బస్సు దిగింది. "నా చెల్లెల్ని నేను చూసుకుంటా, నువ్వు బడికి పో" అంది. కాళ్ళ మీద పడాలనిపించింది నాకు. అమ్మ గుమ్మంలోకి వచ్చి, "అక్కాయ్, ఇంత ఎండలో ఒచ్చావా?" అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. పేరు, వరస, మాట, ఏదీ తప్పలేదు. పాతవి నిలబడతాయని డాక్టరు చెప్పింది నిజమే అనుకున్నాను. కొంచెం కుళ్ళుకున్నాను కూడా. పెద్దమ్మ అమ్మకి నాకన్నా పాత కదా! లెక్క ప్రకారం ముందు పోయేది నేనే.

ఆ బకెట్లో ఉన్న మొక్క మరువం.

మొదట్లో నేను సంతోషించాను. మరువం అంటే ఎవరికి ఇష్టం ఉండదు? చిన్న చిన్న బూడిదరంగు ఆకులు, పొట్టి మొక్క, పక్కనుంచి పోతే చీరకుచ్చిళ్ళకి తగిలి వాసనేస్తుంది. దవనంతో కలిపి కదంబం మాలలో కడతారు. పెద్దమ్మ దాన్ని పెరట్లో గోడనీడన నాలుగు కుండీల్లోకి మార్చింది. రోజూ పొద్దున్నే ఒక రెమ్మ అమ్మ జడలో గుచ్చేది. మరో రెమ్మ దిండు కింద పెట్టేది. స్నానం నీళ్ళలో వేసేది. ఏదో ముచ్చట అనుకున్నాను. ఒక రోజు మజ్జిగలో ఆకుపచ్చటి ముద్ద తేలుతుంటే ఇదేంటని అడిగాను.

"మరువం. నూరి పోశా."

"మజ్జిగలో ఎందుకు?"

"మతిమరుపు పోవడానికే! మరువం అంటే ఏంటి? మరిచిపోం అనేగా? తెలుగు పంతులమ్మవి, నీకు నేను చెప్పాలా?"

నేను ఆ గ్లాసు అమ్మకి అందకుండా పక్కన పెట్టాను.

ఫోన్లో ఎవరో ఆయన చెప్పాడట. ఆ వీడియో నాకూ చూపించింది. వెనక దీపాలు, ముందు పూలు, మధ్యలో ఆయన. మన పూర్వీకులు పిచ్చివాళ్ళు కాదట. మందు ఏమిటో మొక్క పేరులోనే పెట్టి పోయారట. "మేము మరువం, మేము మరువం" అని ఆ మొక్క రోజూ మనకి చెబుతోందట, మనమే వినిపించుకోవడం లేదట. నాకు తల నుంచి పొగలు వచ్చాయి. ఆ సాయంత్రమే పెద్దమ్మని కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాను. అమ్మ మా మధ్యలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది.

ఇక్కడ ఆ పాఠం రాయక తప్పదు, ఎందుకంటే ఇంతవరకూ దాన్ని చివరిదాకా విన్న మనిషి లేడు.

తెలుగులో రెండు ర లు ఉండేవి. ఒకటి మామూలు ర. రెండోది ఱ. బండిచక్రంలా ఉంటుందని దాన్ని బండి ర అన్నారు, పండితులు శకటరేఫం అన్నారు. ఒకప్పుడు పలకడంలోనూ తేడా ఉండేది. పలుకులో తేడా చెరిగిపోయింది, తర్వాత రాతలోనూ ఆ అక్షరాన్ని వదిలేశాం. మరచిపోవడం, మరపు, మరిచిపోం అనే అర్థంలో వాడే మరువం, ఈ మాటలన్నిట్లోనూ ఉన్నది ఆ బండి ఱ. మఱచు, మఱపు, మఱువము. పాత నిఘంటువు ఏది తీసినా అలాగే ఉంటుంది. తమిళంలో మరచిపోవడాన్ని ఇప్పటికీ ఆ బరువు ఱ తోనే రాస్తారు. మన మొక్క పేరులో ఉన్నది మామూలు ర. సంస్కృతంలో దాన్ని మరువకం అనీ, మరుబకం అనీ అన్నారు. హిందీ వాళ్ళు మరువా అంటారు. మరిచిపోవడానికి హిందీలో ఏమంటారో పదో తరగతి పిల్లాడిక్కూడా తెలుసు, ఆ మాటలో మరువా లేదు. మొక్క మరువం వేరు, మరిచిపోని మరువం వేరు. బండి ఱ ఉన్నన్నాళ్ళూ ఎవరికీ అనుమానం లేదు. అది పోయాక రెండు మాటలూ ఒకే చొక్కా తొడుక్కున్నాయి, జనం కవలపిల్లలనుకున్నారు. అంతే కథ.

మరి మరువకం అనే మాట ఎక్కణ్ణుంచి వచ్చింది అంటే, నాకు తెలియదు. గట్టిగా తెలిసిన వాళ్ళూ నాకు కనిపించలేదు. మరుభూమిలో పుట్టింది కాబట్టి అని ఒక మాట విన్నాను. ఇసకనేల మొక్కయితే మా పెరట్లో ఒక్కపూట నీళ్ళు తప్పితే తల వేలాడెయ్యడం ఎందుకు? ఇంగ్లీషువాళ్ళు దాన్ని మార్జొరమ్ అంటారు. అది లాటిన్ మాట నుంచి వచ్చిందట, ఆ లాటిన్ మాట కూడా ఆఖరికి మన మరువకం వైపే చూపిస్తుందని కొందరు అంటారు. దారిలో లాటిన్ వాళ్ళ చెవికి అందులో పెద్దది అని అర్థం వచ్చే మేజర్ వినిపించి, దానికి తగ్గట్టు మాటని వంచేశారట. ఇంత పొట్టి మొక్క వాళ్ళకి పెద్దదైపోయింది! పర్షియావాళ్ళు ఆకు చూసి ఎలుక చెవి అన్నారట. వాళ్ళే నయం, కనీసం ఆకు వంక చూశారు.

ఇదంతా పెద్దమ్మకి ఇంత వివరంగా చెప్పలేదు. చెప్పనిస్తేగా! బండి దగ్గరే ఆగిపోయాం.

"పెద్దమ్మా, మర్చిపోవడంలో ఉన్న ర వేరు. అది బండి ర."

"బండేంటే మధ్యలో?"

"అక్షరం పేరు పెద్దమ్మా. మరువంలో అది లేదు."

"ఏం బండి? ఎడ్లబండా, ట్రాక్టరా?"

అమ్మ పకపకా నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్వింది. పెద్దమ్మ కూడా నవ్వింది. నాకు మాత్రం మండుకొచ్చింది.

"పేరును బట్టి మందు వేస్తారా ఎవరైనా? పిడుగురాళ్ళ అని పేరుందని అక్కడ రోజూ పిడుగులు పడుతున్నాయా? చిలకలూరిపేటలో చిలకలున్నాయా?"

"ఉందిగా ఒకటి, ఇందాకట్నుంచీ ఆగకుండా పలుకుతానే ఉంది" అంది పెద్దమ్మ.

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనే మనిషితో ఏం వాదిస్తాం? నేను మరో దారిన వచ్చాను. డాక్టరు ఇంకో మాట కూడా చెప్పాడు, ఈ జబ్బులో వాసన తెలియడం చాలా ముందే తగ్గిపోతుందని. నాకు అనుమానం వచ్చి ఒక పొద్దున అమ్మ ముక్కు దగ్గర మరువం రెమ్మ నలిపి పెట్టాను. ఏమీ లేదు. కళ్ళు మూయించి కాఫీపొడి పెట్టాను, కర్పూరం పెట్టాను. మిరపపొడి కూడా కొంచెం దూరంగా పెట్టి చూశాను. దానికి మాత్రం తుమ్మింది. వాసన తెలిసి కాదు, ఘాటుకి. నేను వంటింట్లోకి వెళ్ళి పంపు తిప్పి, నీళ్ళ చప్పుడులో ఏడ్చాను. ఆ సంగతి పెద్దమ్మకి చెప్పాను, అమ్మకిప్పుడు వాసన కూడా తెలియదు, నీ ఆకు ఎండుగడ్డితో సమానం అని. అలా కటువుగానే చెప్పాను.

పెద్దమ్మ ఒక రెమ్మ తీసి అమ్మ జడలో గుచ్చింది. ఆ తర్వాత, "వాసన తెలవకపోతే పోనీలే, పేరన్నా వినపడుద్దిగా" అంది.

అప్పట్నుంచీ చెవిలో చెప్పడం మొదలుపెట్టింది. అన్నం పెడుతూ మరువం, తల దువ్వుతూ మరువం, కాళ్ళకి నూనె రాస్తూ మరువం. "అను చెల్లే, మరువం" అనేది. అమ్మ ఒక్కోసారి అనేది, ఒక్కోసారి తల అటు తిప్పుకునేది.

స్కూల్లో అయినా నా బాధ అర్థం చేసుకుంటారనుకుని స్టాఫ్ రూములో ఎత్తాను. అప్పటికే ఆ వీడియో స్టాఫ్ గ్రూపులోకి వచ్చి ఉంది. ఎవరో దండం పెట్టే బొమ్మలు కూడా పెట్టారు. నేను బోర్డు మీద ఱ రాసి అంతా వివరించాను. లెక్కల మాస్టారు శ్రద్ధగా విన్నాడు. "మీరు చెప్పింది కరెక్టే మేడం, కానీ వాళ్ళు చెప్పింది బాగుంది" అన్నాడు. రెండు రెళ్ళు అయిదంటే బాగుంటుందని ఎవరైనా అంటే ఆయన ఊరుకుంటాడా? ఊరుకోడు. మాటలంటే మాత్రం అందరికీ లోకువ. భాష నోట్లో ఉంది కాబట్టి దాని గురించి అంతా తెలిసినట్టే. పళ్ళు నోట్లో ఉన్నాయని ఎవరూ పళ్ళ డాక్టర్లయిపోరు కదా! మా పిల్లలు కొత్తిమీర అంటే కొత్తగా వచ్చింది కాబట్టి ఆ పేరు అని రాస్తే మార్కులు కొట్టేస్తూ వచ్చాను ఇన్నాళ్ళూ. పెద్దవాళ్ళకి కొట్టడానికి మార్కులు లేవు.

నిజం చెప్పాలంటే నాకు కోపం ఆ మాట తప్పుగా విడగొట్టినందుకు కాదు. కాదంటే అది కూడా అబద్ధమే, అందుక్కూడా కోపమే. కానీ అసలు కోపం వేరు. బిళ్ళలు వేస్తున్నాను, డాక్టరు చెప్పినట్టు రోజూ పాత ఫొటోలు చూపిస్తున్నాను, ఇది ఏ వారం, ఇది ఎవరి ఇల్లు అని మెల్లగా గుర్తుచేస్తున్నాను. అయినా అమ్మ రోజురోజుకీ జారిపోతోంది. నాకు తెలిసినవేవీ పనిచెయ్యడం లేదు. అలాంటప్పుడు, పనిచెయ్యదని నాకు ఖాయంగా తెలిసిన దాన్ని పట్టుకుని ఒక మనిషి ఇంట్లో అంత ధైర్యంగా తిరుగుతుంటే ఓర్చుకోవడం నా వల్ల కాలేదు. ఆ ధైర్యం నాకెందుకు లేదు అని ఉక్రోషం.

మాఘం వెళ్ళిపోయింది. మిరప కోతలు ఊపందుకున్నాయి. పేట రోడ్ల నిండా మిరప బస్తాల టిక్కీలతో లారీలు, గాలి నిండా ముక్కు మండించే కోరు. అమ్మ ఒక రాత్రి నన్ను "టీచరమ్మా" అని పిలిచింది. అందరూ అలాగే పిలుస్తారు కాబట్టి అలవాటున అందేమో అనుకున్నాను. తెల్లారి మళ్ళీ "అమ్మాయ్" అనే పిలిచింది. నేను ఆ పగలంతా ఆ పిలుపే తలుచుకుంటూ తప్పుల తడకగా పాఠం చెప్పాను.

గోరుచుట్టు మీద రోకటిపోటులా ఆ వారంలోనే నస్యం జరిగింది. వీడియో ఆయన కొత్త వీడియో పెట్టాడట. తాగితే కడుపులోకి పోతుంది, మెదడుకి చేరాలంటే ముక్కులో వెయ్యాలి అని. పెద్దమ్మ మరువం రసం తీసి, పలచటి గుడ్డలో వడగట్టి, అమ్మని పడుకోబెట్టి రెండు ముక్కుల్లోనూ పోసింది. నేను స్కూలు నుంచి వచ్చేసరికి అమ్మ మంచం మీద కూర్చుని దగ్గుతోంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, రవిక అంతా ఆకుపచ్చటి మరకలు. ఊపిరి తిరక్క అల్లాడిపోయిందని పక్కింటావిడ చెప్పింది. పెద్దమ్మ మూలన నిలబడి ఉంది. రసం వడగట్టిన గుడ్డని చేతుల్లో పిండుతూనే ఉంది. అది నేను చూశాను, చూసినా ఆగలేదు.

"చంపేస్తావా అమ్మని? చదువు లేకపోతే లేకపోయింది, బుద్ధి ఉండక్కర్లా?"

"నేను చెడు చేద్దామని చేశానా అమ్మాయ్?"

"ఏం చేద్దామని చేసినా ఒకటే! అది ఉత్త ఆకు. దాంట్లో ఏం లేదు. ఆ పేరులో ఏం లేదు. ఎన్నిసార్లు చెప్పాలి?"

"నీకు మాట ఎట్టా పుట్టిందో కావాల" అంది పెద్దమ్మ, గొంతు పెంచకుండానే. "నాకు నా చెల్లెలు కావాల."

"నాకు అక్కర్లేదా?" అని అరిచాను. అమ్మ చెవులు మూసుకుంది. మేమిద్దరం ఆగిపోయాం.

ఆ రాత్రి నేనూ మా ఆయనా మాట్లాడుకున్నాం. రోగుల్ని చూసుకునే మనిషి ఒకామె ఉందని పక్కవీధి మందుల షాపు అతను చెప్పి ఉన్నాడు. ఆమెతో మాట్లాడేశాను. ఉగాది దాటగానే వస్తానంది. ఇక పెద్దమ్మకి చెప్పడమే మిగిలింది. మంచిగా చెప్పాలి, పెద్దమ్మా నువ్వు చాలా చేశావు, ఎండలు ముదరకముందే ఊరెళ్ళి రెస్టు తీసుకో అని. ఆ మాటల్ని నాలుగు రకాలుగా మార్చి మార్చి మనసులో రాసుకున్నాను. ఏ రకంగా రాసినా వెళ్ళిపో అనే వచ్చింది.

ఒంటిపూట బళ్ళు మొదలైన రోజు, అన్నాల వేళ దాటాక పేటలో బస్సు దిగాను. ఒంటిపూట సంగతి ఇంట్లో చెప్పలేదు. గుర్తులేదు, అంతే. తల మీద కొంగు కప్పుకుని సందు మలుపు తిరిగేసరికి మా ఇంటి గేటు బయట ఒకావిడ నిలబడి ఉంది. నెత్తి మీద వెదురు బుట్ట, బుట్టలో తడిగుడ్డ. గొంతెత్తి, "మరువం, మరువమమ్మా, మరువం" అని మా ఇంట్లోకి కేకేస్తోంది.

పెద్దమ్మ.

ఈమెకి కూడా మతి పోయిందనుకున్నాను. పరిగెత్తినట్టు నడిచి దగ్గరికి వెళ్ళాను. నన్ను చూసి పెద్దమ్మ ఉలిక్కిపడింది. నోటి మీద వేలు పెట్టుకుని, నన్ను గోడవారకి లాగింది.

"అరవమాక. మధ్యాన్నం నిద్ర లేచాక మీ అమ్మ నన్ను గుర్తుపట్టట్లా."

"ఎవర్ని?"

"నన్నే. ఎవరివే నువ్వు, మా ఇంట్లో ఏం పని, దొంగముండా అని చీపురు పుచ్చుకుని తరుముద్ది. మా అక్కాయి రానీ నీ పని చెబుతా అంటది. నేనేనే మీ అక్కాయినంటే నమ్మదు. ముసల్దానివి, నువ్వు మా అక్కాయివేంటి అంటది. దాని కళ్ళకి వాళ్ళక్క ఇంకా పరికిణీలోనే ఉంది."

"ఎప్పట్నుంచి?"

"ఒచ్చిన కొత్తల్లో బానే ఉంది. ఆ డాబా కాయల గొడవే చెప్పేది. తర్వాత తర్వాత మొదలైంది. సందేళకి మళ్ళీ అక్కాయ్ అంటది, నువ్వొచ్చే టయానికి బానే ఉంటది. నీకేం చెప్పను, నీ బాధ నీకుంది." పెద్దమ్మ బుట్ట సర్దుకుంది. "ఒకనాడు చేతిలో మరువం ఉంటే, పూలమ్మివా, రామ్మా కూర్చో అంది. అప్పట్నుంచీ దొడ్డిదోవన బయటికెళ్ళి ఇట్టా ముందు గేటు కాడికి ఒస్తన్నా. పూలమ్మినైతే కూర్చోనిస్తది. ఏదోటి మాట్లాడుద్ది."

 నాలుగు రకాలుగా రాసుకున్న మాటల్లో ఒక్కటీ ఇక పనికిరాలేదు. నేను భయపడుతూ కూర్చున్నది ఈ మనిషికి ఎప్పుడో జరిగిపోయింది. మజ్జిగలో నూరి పోసినప్పుడు, చెవిలో అను చెల్లే అని బతిమాలినప్పుడు, ముక్కులో పోసిన ఆ రోజున కూడా, ప్రతి మధ్యాహ్నం అది జరుగుతూనే ఉంది.

లోపలినుంచి అమ్మ గొంతు వినిపించింది. "ఎవరది? మరువమా? తే తే, ఇట్టా తీసుకురా."

పెద్దమ్మ చటుక్కున గొంతు మార్చింది. "ఆఁ వస్తన్నానమ్మా" అంటూ గేటు తోసుకుని వెళ్ళి వసారాలో బుట్ట దించింది. వెనకే నేను. అమ్మ గడప మీద కూర్చుని ఉంది. నన్ను చూసి, "ఒచ్చావా అమ్మాయ్, కాళ్ళు కడుక్కో" అంది. నన్ను గుర్తుపట్టింది. ఇన్ని నెలలుగా నేను దేవుణ్ణి కోరుకున్నది అదొక్కటే. ఆ నిమిషంలో దానికి సంతోషించడం నా వల్ల కాలేదు.

అమ్మ బుట్టలోంచి ఒక రెమ్మ తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. వాసన తెలిసిందో లేదో తెలియదు. పాత అలవాటున చెయ్యి అలా వెళ్ళిందేమో.

"బాగుంది. మా అక్కాయికి మరువమంటే ప్రాణం. ఒస్తే ఇస్తాను. ఇంకా రాలేదు."

"ఒచ్చుద్దిలేమ్మా" అంది పెద్దమ్మ.

"ఎండలో ఎక్కడ తిరుగుతుందో. దానికి చెప్పులు కూడా లేవు."

"ఒచ్చుద్ది. నీడపట్టున ఆగి ఉంటది."

"కొసరు వెయ్యవేం మరి? మరీ అంత పిసినారివేంటి?"

పెద్దమ్మ ఇంకో రెమ్మ వేసింది. అమ్మ చాలదన్నట్టు చూసింది. మరొకటి వేసింది. తర్వాత బుట్టలో ఉన్నదంతా రెండు చేతులతో తీసి అమ్మ ఒళ్ళో పోసింది. అమ్మ ఆ ముఖంలోకి చాలాసేపు చూసింది.  పెద్దమ్మ ముఖం తిప్పుకోకుండా, బుట్ట అంచు పట్టుకుని అలాగే కూర్చుంది.

అమ్మ నా వైపు తిరిగింది.

"మంచి మనిషిలాగా ఉంది అమ్మాయ్. రేపు కూడా రమ్మని చెప్పు."

పెద్దమ్మ నా ముఖంలోకి చూడలేదు. కిందికి చూస్తూ ఖాళీ బుట్టలో తడిగుడ్డ మడత పెడుతోంది. పెద్దమ్మా అనబోయి ఆ మాట మింగేశాను.

"రేపు కూడా రామ్మా" అన్నాను.